మగ్గపు వాడనుండి కేగావునకు

సోలాపురమున తూర్పుభాగమని వ్యవహరింపబడు పేటలలో, అనగా దాజీపేట, సాఖర్‌పేట, అశోక్ చౌక్, పద్మనగర్, నీలంనగర్ మొదలగు వానిలో, ఉదయమున నడచిపోవు క్రొత్తవానికి మొదట వినవచ్చునది మరమగ్గముల చప్పుడు. అటుపిమ్మట వినవచ్చునది, తెలంగాణపు పల్లెనుండి నిన్ననే బండి దిగినట్లు తోచు తెలుగుమాట. అరుగుమీద కూర్చున్న యిల్లాలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండును. లోపలి కార్ఖానాలో తువ్వాళ్లో దుప్పట్లో సాగుచుండును. ఆ రెండింటి నడుమ గోడకు జేరగిలబడి, ఆ చప్పుడే తనకు నిశ్శబ్దమైనట్లు, పుస్తకము చదువుకొను పిల్ల యొకతె యుండును. ఈ వ్యాసము ఆ పిల్లను తలచుకొని వ్రాయుచున్నది. ఎం.ఏ.యో ఎం.కామో ముగించి "ఇంకను చదువుదును" అని యామె యన్ననాడు విశ్వవిద్యాలయము ఆమెను ఏమడుగును, ఇల్లు ఆమెను ఏమడుగును అనునవి నా ముందున్న ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము గెజెటులో అచ్చుపడి యున్నది. రెండవదానిని ఎవరును అచ్చువేయలేదు.

నేతగాండ్రు ఈ యూరు చేరిన కథ సంగ్రహముగ చెప్పిన చాలును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలనుండి పద్మశాలి కుటుంబములు ముఖ్యముగ పందొమ్మిదవ శతాబ్దిలో, కరవులకు తాళలేకయు, పని వెదకికొనుచును పడమటిదారి పట్టినవి. రైలు వచ్చినది, 1877లో తొలి నూలుమిల్లు వెలసినది, చేతిమగ్గమునకు వలయు నూలు చెంతనే దొరకెను, నేసిన చీరకు బజారును చెంతనే దొరకెను. చేతిమగ్గము మరమగ్గమైనది, చీర దుప్పటియైనది. జకార్డు పువ్వులు గల ఆ దుప్పటి నేడు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువై దేశమంతట సోలాపురి చద్దరను పేర చెల్లుచున్నది. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము నేటికిని ఆ వీథులలో ఊరేగును.

ఈ జనమును గూర్చి పండితులు వ్రాసినది స్వల్పమేమియు కాదు. పుణెలోని గోఖలే రాజకీయార్థశాస్త్ర సంస్థ 1947లోనే ఆర్. జి. కాకడే గారు చేసిన సోలాపుర నేతకులముల సాంఘికార్థిక పరిశీలనమును ప్రకటించినది, 1965లో డి. ఆర్. గాడ్గీళ్ గారి సోలాపుర నగరాధ్యయనము వెలువడినది. మంజిరీ కామత్ గారు ఈ యూరి కార్మికులను, జాతీయోద్యమమును గూర్చి కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిరి. అమెరికా చరిత్రకారుడు డగ్లస్ హేన్స్ పశ్చిమభారతపు చిన్న పట్టణములను గూర్చి 2012లో ప్రకటించిన గ్రంథమున ఈ సాలెవాడలు పలుమారులు కానవచ్చును. ఇట్టి గ్రంథములను చదువునపుడు నాకు గౌరవముతోపాటు ఒక చిన్న బెంగయు కలుగుచుండును. మగ్గములెన్ని, అప్పెంత, కూలి యెంత అని బయటినుండి వచ్చినవాడు లెక్కవేయగలడు. కాని అప్పు తెచ్చిన దినమున ఆ యింటిలో ఎవరెవరితో మాటాడుట మానిరో ఆ యింటి బిడ్డకే తెలియును. ఆ బిడ్డ ప్రశ్నావళి పట్టుకొని బయలుదేరిననాడు ఈ శాస్త్రమునకు మరియొక కన్ను వచ్చును.

ఆమె పోవలసిన దూరము మాత్రము తరతరమునకు తగ్గుచు వచ్చినది. 1940లో దయానంద కళాశాల నెలకొన్ననాడు సోలాపురము బొంబాయి విశ్వవిద్యాలయపు నీడలో నుండెను. 1949 పిదప పూనా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చెను. 1962లో కొల్హాపురమున శివాజీ విశ్వవిద్యాలయము వెలయగా దాని క్రిందికి మారెను. ఒక్క సంతకము కొరకు రాత్రి బస్సెక్కి కొల్హాపురము పోయి, గుమాస్తా సెలవని విని, మరునాటి రాత్రి తిరిగివచ్చిన తరమువారు ఇంకను ఉన్నారు. 2004 ఆగస్టు 1వ తేదీన ఈ యొక్క జిల్లా కొరకే సోలాపుర విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 2019లో దానికి పుణ్యశ్లోక అహల్యాదేవి హోళ్కర్ పేరు పెట్టిరి. అది పుణె పోవు రహదారిలో కేగావునొద్ద నున్నది. నేతపేటనుండి అచటికి సిటీబస్సు దూరమే.

ఇక పట్టముల మాట. ఎం.ఏ.కును పీహెచ్.డి.కిని నడుమ ఎం.ఫిల్. అను మెట్టు ఒకప్పుడుండెడిది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 నవంబరులో ప్రకటించిన నియమావళి ఆ మెట్టును తీసివైచినది. కావున "ఎం.ఫిల్.లో చేర్పింతుము" అని యెవరైనను ఫీజు అడిగినచో ఆ గుమ్మము దిగి రావలయును. నేడు పరిశోధనకు నిలిచిన పట్టము పీహెచ్.డి. యొక్కటియే. దానిని పూర్ణకాలము చేయవచ్చును. ఉద్యోగములో నున్నవారు యజమానినుండి అభ్యంతరము లేదను పత్రము తెచ్చి పాక్షికకాలమునను చేయవచ్చును. పాఠశాలలో పంతులమ్మగా నున్న నేతవాడ పిల్లకు ఈ రెండవ దారియే తరచుగ అనుకూలించును. ఐతే పాక్షికకాలమన్నది హాజరునకే గాని పనికి వర్తింపదు.

అర్హత యేమన, ఎం.ఏ. వంటి స్నాతకోత్తర పట్టమున నూటికి 55 మార్కులు. వెనుకబడిన వర్గములవారికి, దళితులకు, గిరిజనులకు, వికలాంగులకు, ఆర్థికముగ బలహీనులకు 5 మార్కుల సడలింపు కలదు. నాలుగేండ్ల డిగ్రీ క్రొత్తగ వచ్చినది కదా, దానిలో 75 తెచ్చుకొన్నవారు ఎం.ఏ. లేకయే నేరుగ చేరవచ్చును. మహారాష్ట్ర ప్రభుత్వము పద్మశాలులను విశేష వెనుకబడిన వర్గముగ, వాడుకలో ఎస్.బి.సి.గా, పరిగణించును. కులధ్రువీకరణ పత్రము, దాని సరిచూపు పత్రము, క్రీమీలేయరు కాదను పత్రము అను మూడింటిని ముందే సిద్ధము చేసికొనుట మేలు. తాత యే తాలూకానుండి వచ్చెనో కాగితముపై చూపుమని కచేరీ యడుగును. తాతయో కాగితములతో రాలేదు.

పిమ్మట ప్రవేశపరీక్ష. దేశవ్యాప్తమైన నెట్ పరీక్ష వ్రాయవచ్చును. విశ్వవిద్యాలయము తానే పరీక్ష పెట్టినచో, నియమావళి ప్రకారము అందు సగము పరిశోధనాపద్ధతిని గూర్చి, సగము తమ శాస్త్రమును గూర్చి యుండును. సగము మార్కులు వచ్చినవారు ఉత్తీర్ణులు; పైన చెప్పిన వర్గములకు ఇచటను 5 మార్కుల సడలింపు కలదు. వ్రాతకు 70 పాళ్లు, మౌఖికమునకు 30 పాళ్లు విలువ. 2024 జూను నుండి నెట్‌లో మూడు అంతస్తులు ఏర్పడినవి: వేతనముతో పరిశోధించువారు, అధ్యాపకత్వమునకును పరిశోధనకును అర్హులు, కేవలము పరిశోధనకు అర్హులు. క్రింది రెండు అంతస్తులలోనివారి మార్కులు పీహెచ్.డి. ప్రవేశమునకు ఒక యేడే చెల్లును. ఈ సంగతి తెలియక పత్రమును పెట్టెలో దాచుకొని మరుసటి యేడాది తీసినవారు కొందరు నా యెరుకలో కలరు.

పరీక్ష నెగ్గినంత మాత్రమున తలుపు తెరువబడదు. మార్గదర్శకుడు దొరకవలయును. ఆచార్యునకు ఏకకాలమున 8 మంది, సహాచార్యునకు 6 మంది, సహాయాచార్యునకు 4 గురు మాత్రమే పరిశోధక విద్యార్థులుండవలెనని నియమము. పదవీవిరమణకు మూడేండ్లలోపు గడువున్నవారు క్రొత్తవారిని చేర్చుకొనరాదు. కావున ఉత్తీర్ణుల పట్టికకంటె ఖాళీల పట్టికయే తరచుగ బలీయమై యుండును. దరఖాస్తునకు ముందే ఆచార్యుల వ్యాసములు రెండు మూడు చదివి, తన యూహను ఒక పుటలో వ్రాసికొని పోయి కలిసికొనుట సిఫారసు కాదు, మర్యాద. తమ శాస్త్రపు ఆచార్యులు కేగావున లేనిచో బయటి దారులును కలవు. భాషాశాస్త్రమునకు పుణెలో డెక్కన్ కళాశాల యున్నది; అర్థశాస్త్రమునకు గోఖలే సంస్థ; సాంఘిక విషయములకు ముంబయిలో టాటా సంస్థ; తెలుగునందే పరిశోధింప గోరినచో హైదరాబాదున ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయము, తెలుగు విశ్వవిద్యాలయము కలవు. తాతలు విడిచివచ్చిన సీమకు మనుమరాలు చదువు కొరకు తిరిగి పోవుటయు ఒక చిత్రమే.

అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె తక్కువగ బోధింపబడునది, ప్రశ్నను కనుగొనుట. "సోలాపుర నేతకారుల సమస్యలు – ఒక అధ్యయనము" అని వ్రాసి తెచ్చు విద్యార్థులు ప్రతి యేడును కనబడుదురు. అది అంగడి బోర్డు. లోపల సరకేమున్నదో చెప్పదు. ప్రశ్న యెట్లు పుట్టునో ఒక యుదాహరణముతో చూపుదును.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో పరిశోధనపట్టము పొంది వచ్చి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున మాండలిక వృత్తిపదకోశమునకు పూనుకొనిరి. అందు మొదటి సంపుటము 1962లో వ్యవసాయమును గూర్చియు, రెండవది 1971లో చేనేతను గూర్చియు వచ్చినవి. ఊరూర తిరిగి, నేతగాని యెదుట కూర్చుండి, దీనిని మీరేమందురు, దానినేమందురు అని యడిగి కూర్చిన కోశమది. ఆ తిరుగుడు ఆంధ్రప్రదేశపు జిల్లాలలో సాగినది. సోలాపురము ఆ యెల్లకు వెలుపల నున్నది. ఇపుడు మన పిల్ల ఆ సంపుటమును చంకనిడుకొని తన వీథిలోనికే పోయినదనుకొందము. పేకను నడిపించు పనిముట్టును చూపి తాతను అడిగిన "నాడె" అనును. తండ్రిని అడిగిన, మరాఠీ మేస్త్రీ వద్ద పని నేర్చినవాడు కావున, "ధోటా" అనును. అన్న మరమగ్గముమీద నిలిచి "షటిల్" అనును. వస్తువు ఒక్కటియే, ఇల్లును ఒక్కటియే, మాటలు మూడు. పడుగు తాణాయైనది, పేక బాణాయైనది. మరి కండె యేమైనది? ఆసుపోయుట అను పని కార్ఖానాలో లేకుండ పోయినపుడు ఆ మాట చచ్చినదా, లేక మరియొక పనికి పేరై బ్రదికి యున్నదా? పనితో మాట పోవునా, పని పోయిన పిమ్మటను మాట నిలుచునా? ఇదిగో, ప్రశ్న పుట్టినది. దీనికి హద్దు కలదు, అడుగవలసినవారు కలరు, పోల్చి చూచుటకు పూర్వగ్రంథము కలదు, తప్పని తేలుటకును అవకాశము కలదు. ఈ నాలుగు నున్నదానినే పరిశోధనాంశమందురు.

దీనికి పొరుగున పూర్వోదాహరణము లేకపోలేదు. సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ అను గ్రామమున మరాఠీ, కన్నడము, ఉర్దూ తరతరములుగ కలిసి మెలగి, మాటలు వేరైనను వాక్యపు పోకడ ఒక్కటిగ నగుటను గంపెర్జ్, విల్సన్ అను పండితులు 1971లో ప్రకటించిన వ్యాసమున చూపిరి. లోకమున భాషాశాస్త్ర విద్యార్థులందరును ఆ యూరి పేరు నెరుగుదురు. మరాఠీ, కన్నడము, తెలుగు, దక్కనీ ఉర్దూ నాలుగును ఒక్క కూడలిలో వినవచ్చు సోలాపురము అట్టి చూపునకు ఎన్నియో రెట్లు పెద్ద పొలము. ఉస్మానియాలో తెలుగున తొలి పీహెచ్.డి. పొందిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయములనే తమ విషయముగ గైకొనిరి. ఇంటి పాటకు, ఇంటి మాటకు విశ్వవిద్యాలయమున చోటు లేదను సంకోచము ఆనాడే తీరినది.

చేరిన పిదప మొదట పాఠములు. పరిశోధనాపద్ధతి, ప్రచురణనీతి మొదలగు వానిలో కనీసము 12 క్రెడిట్లు చదివి 55 మార్కులు తెచ్చుకొనవలెను. ప్రతి సెమిస్టరునకు ఒకమారు సలహాసంఘము ముందు నిలిచి, చేసినది చెప్పవలెను. ఇవి క్రమము తప్పనివారికి సులువు.

సులువు కానిది కాలము. నియమావళి ప్రకారము కనీసము 3 ఏండ్లు, మిక్కిలి యన్న 6 ఏండ్లు. తిరిగి నమోదు చేసికొన్న మరి 2. స్త్రీలకును, నూటికి 40కి మించిన వైకల్యము గలవారికిని అదనముగ మరి 2, మొత్తము 10కి మించరాదు. స్త్రీలకు ప్రసూతికి, శిశుపోషణకు 240 దినముల వరకు సెలవు కలదు. ఈ నియమావళిలో నాకు మిక్కిలి నచ్చిన వాక్యము మరియొకటి కలదు: వివాహము వలననో మరియొక కారణముననో స్త్రీ ఊరు మారవలసి వచ్చినచో, ఆమె సేకరించిన సామగ్రితో సహా పరిశోధనను మరియొక విశ్వవిద్యాలయమునకు తీసికొనిపోవచ్చునట. సోలాపురపు పిల్లకు సిరిసిల్లలోనో, భివండిలోనో, హైదరాబాదులోనో సంబంధము కుదురుట నిత్యము చూచుచున్నదే. పెండ్లితోడనే చదువు కట్టిపెట్టవలెనను వియ్యాలవారికి ఈ వాక్యమును చదివి వినిపింపవచ్చును. విందురని పూచీ లేదు.

ఇక ఇల్లు అడుగు ప్రశ్న. బీడీల చాట ముందు కూర్చున్న తల్లి తలయెత్తక యడుగును: "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా?" "ఐదేండ్లు అవ్వా." "ఐదేండ్లా! అందాక ఇల్లెట్ల గడుస్తది?" ఆ తల్లి చదువునకు విరోధి కాదు. దినమునకు వేయి బీడీలు చుట్టి పిల్లను ఎం.ఏ. వరకు తెచ్చినదామెయే. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖ యిచ్చు విద్యార్థివేతనము బడినాడు పుస్తకముల కక్కరకు వచ్చినది. పరిశోధన చేయు పెద్దపిల్లకు అది కూడు పెట్టదు. ఇంటిలో సంపాదించు చేయి ఒకటి ఐదేండ్లు నిలిచిపోవుట ఎట్లు అనునదే ఆమె లెక్క. పరిశోధనకు అసలు అర్హత 55 మార్కులు కాదనియు, ఆ యైదేండ్ల కాలమే యనియు నేననుకొనుచున్నాను. మార్కులు పిల్ల తెచ్చుకొనును, కాలమును ఎవరో ఒకరు కొని యీయవలెను.

ఆ కొనుగోలునకే ఫెలోషిప్పులు. నెట్‌లో పై అంతస్తున నెగ్గినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు లభించుచున్నవి; ఐదేండ్లకు కూడిన 24 లక్షలగును, ఇంటియద్దె భత్యము దీనికి వేరు. వయసు 30 దాటరాదు. స్త్రీలకును వెనుకబడిన వర్గములకును 5 ఏండ్ల సడలింపు కలదు. అది దొరకనివారికి నాగపూరులోని మహాజ్యోతి కలదు. మహాత్మా జ్యోతిబా ఫులే పేర రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన ఈ సంస్థ వెనుకబడిన వర్గములు, విముక్త సంచారజాతులు, ఎస్.బి.సి.లకు చెందిన పీహెచ్.డి. విద్యార్థులకు వేతనమిచ్చును. ప్రకటన వెలువడిన దినములలో పత్రము లేవియు తక్కువ కారాదు. అందుకే మూడు ధ్రువపత్రముల మాట ముందే యెత్తితిని. వేతనము మాసమాసము చేతికి వచ్చునని లెక్కవేసికొనువారు మాత్రము ఒక మాట గుర్తుంచుకొనవలెను: సర్కారు సొమ్ము నెలలు కలిపి ఒక్కమారుగ పడుట క్రొత్త కాదు, కిరాణావానికి ముందే చెప్పి యుంచవలెను.

పట్టము వచ్చిన పిదప ఫలమేమి యని తండ్రి యడుగును. ఉన్నది యున్నట్లు చెప్పవలెను. కళాశాలలో సహాయాచార్య పదవికి నెట్‌గాని రాష్ట్రపు సెట్‌గాని చాలునని 2023లో యు.జి.సి. మార్చినది, పీహెచ్.డి. అచట తప్పనిసరి కాదు, పైమెట్లకు కావలయును. ఉద్యోగమునకే యైనచో ముందు సెట్ వ్రాయుట తెలివి. ప్రశ్న నిద్ర పట్టనీయనివారే పరిశోధనకు పోవలెను.

గ్రంథము ముగిసిన పిదప దానిని కంప్యూటరు సరిచూచును. ఇతరుల వ్రాతతో పోలిక నూటికి 10 వరకు క్షమార్హము. 10 మొదలు 40 వరకైన ఆరునెలలలో సవరించి తేవలెను. 60 మించిన నమోదే రద్దగును అని 2018 నాటి నియమము. నేతవానికి ఇది క్రొత్త కాదు. అన్యుని నమూనా దింపిన దుప్పటిని బజారు మొదటి చూపుననే గుర్తించును. పిదప బయటి పరీక్షకులు కనీసము ఇద్దరు చదువుదురు. పట్టము ప్రదానము కాక మునుపే గ్రంథప్రతి గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమునకు పోవును. అది శోధగంగ యను భాండారమున చేరి, సిరిసిల్లలోనున్న మేనమామ కూతురు ఫోనులో చదువుకొనుటకును వీలగును.

చివరిది మౌఖికపరీక్ష. ఇది మూసిన తలుపుల వెనుక జరుగరాదు. సలహాసంఘమువారు, శాఖాధ్యాపకులు, తోటి పరిశోధకులు, ఆసక్తి గల నిపుణులు వచ్చి కూర్చుండవచ్చునని నియమావళి చెప్పుచున్నది. నిపుణుడన నెవ్వడో, వానికేమి పట్టముండవలెనో నేను వెదకి చూచితిని, అందేమియు వ్రాయలేదు. కావున నాడెకును ధోటాకును గల భేదము వేలికొసలలో నెరిగిన తాతను ఆనాడు కేగావు బస్సెక్కించి తీసికొనిపోవుటకు నాకు అడ్డేమియు కనబడుటలేదు. లోపల పరీక్షకుడు కండె మాటవద్ద పొరబడినచో వెనుక వరుసనుండి తాత దగ్గునేమో, అదియొక్కటే ముందుగ చెప్పి యుంచవలెను.